మాటు పడిన బిందె

ఇత్తడి బిందె కారడం మొదలుపెడితే అందరూ అడుగు తిప్పి చూస్తారు. రోజూ గచ్చుమీద ఈడ్చి ఈడ్చి అరిగిపోయుంటుందని అనుమానం. కానీ చేత్తో చేసిన పాత బిందె ముందు కారేది అడుగున కాదు, అడుగు సగమూ పై సగమూ కలిసే అతుకులో. నిండా నీళ్లు పోసి, బయట బాగా తుడిచి, అతుకు చుట్టూ పొడి ముగ్గుపిండి రాసి ఒక పూట అరుగు మీద పెడితే చాలు. ఎక్కడ చెమ్మ తగిలిందో అక్కడ పిండి రంగు మారుతుంది. ఇత్తడిపని చేసే కంచరి మేస్త్రీ దగ్గరికి పోయే ముందే ఇంట్లో పెద్దావిడ చేసే పరీక్ష ఇది. మేస్త్రీ కూడా దీన్ని కాదనేవాడు కాదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో గానీ, చిత్తూరు బజారులో గానీ, కాళహస్తిలో గానీ ఇత్తడి తెలిసినవాళ్లు బిందె కొనేముందు మెరుపు చూసేవాళ్లు కారు. అంగడాయన ముందు బిందెని బోర్లించి, అతుకు మీద బొటనవేలు పోనిచ్చి చూసేవాళ్లు. వేలికి అతుకు తెలియకూడదు, కంటికి మాత్రం కనపడాలి. పసుపుపచ్చ రేకు మధ్యలో కాస్త పాలిపోయిన గీత, అది కూడా రంపం పళ్లలాగా పైకీ కిందికీ నడుస్తూ ఉండాలి. ఆ గీతే దాని జాతకం.

యంత్రంలో ఒక్క దెబ్బకు నొక్కేసిన ఇప్పటి బిందెల సంగతి వేరు. చేతిపని బిందె మూడు ముక్కలు: అడుగు సగం, భుజం దాకా వచ్చే పై సగం, మూతి. రేకు మామూలుగా 22 గేజీ, అంటే మిల్లీమీటరులో ముప్పావు వంతు కంటే కొంచెం తక్కువ మందం. నీళ్ల బిందె రెండు, రెండున్నర కిలోలు తూగేది. 1960ల ముందు వీశెల్లో చెప్పుకునేవాళ్లు. వీశె అంటే దాదాపు 1,400 గ్రాములు. పెళ్లిలో సారె సామాను లెక్క కూడా వీశెల్లోనే నడిచేది. గుండానుకు ఇన్ని, గంగాళానికి ఇన్ని అని.

గుండ్రంగా కత్తిరించిన రేకుని కొట్టి గిన్నెలా లోతు తెప్పించడంలో అసలు చిక్కు ఇత్తడి స్వభావమే. ఇనుము ఎర్రగా కాలినప్పుడు కొడితే సాగుతుంది. ఇత్తడిని ఎర్రగా ఉండగా కొడితే చిట్లుతుంది. చల్లగానే కొట్టాలి. కానీ చల్లగా కొట్టేకొద్దీ గిడసబారిపోతుంది. కొన్ని వరసలు కొట్టాక సుత్తి దెబ్బకు చప్పుడు మారుతుంది. మొదట మెత్తగా 'దబ్ దబ్' మన్న రేకు ఇప్పుడు 'టంగ్' మంటుంది. ఇంక నాలుగు దెబ్బలు ఎక్కువేస్తే అంచు దగ్గర వెంట్రుకంత చీలిక. అందుకే చప్పుడు మారగానే కొలిమిలో పెట్టి కాల్చి మళ్లీ మెత్తబరచాలి. ఒక్క బిందెకు నాలుగైదు సార్లు ఈ కాల్పు తప్పదు.

ఎంత కాల్చాలి? కంచరి కొట్టం ఎప్పుడూ చీకటిగా ఎందుకుండేదో ఇక్కడ తెలుస్తుంది. బయటివాళ్లు కరెంటు లేక అనుకునేవాళ్లు. వెలుతురులో ఇత్తడి ఎరుపు కనపడదు. కనపడేంత ఎర్రబడిందంటే అప్పటికే ఎక్కువ కాలిపోయినట్టు. చీకట్లో ముదురు ఎరుపు కనీకనపడనట్టు ఉన్నప్పుడే బయటికి తీసెయ్యాలి. దాటిందా, రేకు చూడటానికి బాగానే ఉంటుంది, మళ్లీ కొట్టినప్పుడు మాత్రం పైన బత్తాయి తొక్కలాగా గరుకు తేలుతుంది. ఎంత మెరుగుపెట్టినా పోదు. మెత్తబరచిన రేకుని నీళ్లలో ముంచినా ఫరవాలేదు, గాలికి ఆర్చినా ఫరవాలేదు. ఉక్కులాగా ముంచితే గట్టిపడే గుణం దీనికి లేదు.

కొట్టుడుకి అన్ని ఇత్తళ్లూ పనికిరావు. వందకి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం (జింకు) ఉన్నది బాగా సాగుతుంది. రాగి అరవైకి దిగితే చల్లగా కొట్టినప్పుడు మొరాయిస్తుంది. అది పోతపనికి మంచిది, దీపపు కుందులకీ తలుపు గొళ్లేలకీ వెళ్తుంది. రంగు చూసి చెప్పేవాళ్లు: రాగి ఎక్కువైతే ఎరుపు తిరిగిన బంగారు రంగు, తుత్తునాగం ఎక్కువైతే నిమ్మపండు పసుపు. కొత్తగా వచ్చిన పనివాడికి ఈ చూపు రావడానికి ఏళ్లు పట్టేది. అందుకే మొదటి ఏడాదంతా వాడి చేతికి సుత్తి ఇచ్చేవాళ్లు కారు. తిత్తి ఊదడమే పని. మంట రంగూ, మూసలో కరిగే లోహం రంగూ చూస్తూ కూర్చోవడం. చాకిరీ చేయించుకుంటున్నారని బంధువులు అనుకున్నా, నిజానికి బడి అదే.

కరిగించే రోజు మూసలో ముందు రాగి. అది 1,085 డిగ్రీలకు గానీ కరగదు. తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. అంటే కరిగిన రాగిలో తుత్తునాగం పడేసిన క్షణం నుంచే అది పొగై ఎగిరిపోవడానికి చూస్తుంటుంది. అందుకని పాత ఇత్తడి ముక్కలు కొన్ని కలిపి కాక తగ్గించి, తుత్తునాగాన్ని ముందే వెచ్చబెట్టి, పట్టకారుతో పట్టుకుని పైన తేలనివ్వకుండా లోపలికి తోసి పట్టుకోవాలి. పైన గాజుపెంకుల పొడో వెలిగారమో (బోరాక్సు) కప్పాలి. ఎంత జాగ్రత్తపడ్డా కొంత పోతుంది, ఆ పోయేదానికి తూకంలో ముందే ఎక్కువ వేసుకుంటారు. పోయేది తెల్లటి దూదిపింజల్లా గాల్లో తేలుతూ కనుబొమ్మల మీదా గోడల మీదా వాలుతుంది. అది పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలీ జ్వరం, నోట్లో తియ్యటి లోహపు రుచి. మర్నాటికో ఆ మర్నాటికో తగ్గిపోతుంది. పాలు తాగితే విరుగుతుందని నమ్మకం, అందుకే కరిగించే రోజున పాలచెంబు కొట్టంలో పెట్టుకునేవాళ్లు. అసలు మందు పైకప్పులో రెండు పెంకులు తీసి పెట్టుకోవడం. అది తెలిసి కూడా వానాకాలంలో బద్ధకించేవాళ్లు.

ఇప్పుడు అతుకు దగ్గరికి. రెండు సగాల అంచుల్నీ కత్తెరతో వేలి వెడల్పున పళ్లుగా కోస్తారు. ఒక పన్ను లోపలికి, పక్కది బయటికి వంచి, రెండో సగం అంచుని ఆ పళ్ల మధ్యలో దూర్చి, మళ్లీ అన్నింటినీ అణగగొడతారు. పొడిగా ఉండగానే బిందె ఊడకుండా నిలబడాలి. టంకం ఉన్నది నీళ్లు ఆపడానికేగానీ బరువు మొయ్యడానికి కాదనేది వాళ్ల లెక్క. టంకం కూడా ఇత్తడే, కాకపోతే రాగీ తుత్తునాగం సగంసగం. ఆ పాళ్లలో అది పెళుసుగా ఉంటుంది, రోట్లో దంచితే రవ్వలా అవుతుంది. ఆ రవ్వని వెలిగారంతో కలిపి నీళ్లతో ముద్దచేసి అతుకు వెంబడి పట్టిస్తారు.

వెలిగారాన్ని పచ్చిది వాడితే పని చెడుతుంది. కాక తగలగానే అప్పడంలా పొంగి టంకం రవ్వని ఎత్తి కింద పారేస్తుంది. అందుకే ముందు పెనం మీద వేయించి, పొంగంతా పొంగనిచ్చి, పొడిచేసి పెట్టుకోవాలి. టంకం కరగడానికీ బిందె రేకే కరిగిపోవడానికీ మధ్య యాభై డిగ్రీలు కూడా తేడా ఉండదు. బిందెని కొలిమి మీద తిప్పుతూ, ఎదురుగా కూర్చున్న కుర్రాడికి "ఊదు... ఊదు... ఆపు" అని చెప్తుంటాడు మేస్త్రీ. అతుకు మీద ముద్ద గాజులా మెరుస్తుంది, ఆ వెంటనే ఒక సన్నటి మెరుపు పాము పాకినట్టు అతుకు వెంట పారుతుంది. ఆ మెరుపు ముందుకు పారిందా, అక్కడ ఆపెయ్యాలి. ఇంకో రెండు ఊదులు ఊదితే రేకుకి చిల్లి. ఎక్కడ మెరుపు పారకుండా ఆగిందో అక్కడ చెయ్యి జిడ్డు తగిలిందనో చిలుము సరిగా గీకలేదనో అర్థం. పదేళ్లకో ఇరవై ఏళ్లకో బిందె కారేది సరిగ్గా ఆ చోటే.

అలా కారినదానికి రెండు దారులు. ఒకటి, కొట్టానికి తీసుకుపోయి మళ్లీ ఇత్తడి టంకమే పట్టించడం. రెండోది, వీధిలోకి వచ్చే మాటువాడు. అతని మాటు వేరు: తగరం (టిన్ను), సీసం కలిపిన మెత్తటి టంకం. చిల్లి చుట్టూ గీకి తెల్లగా చేసి, తుత్తునాగం వేసి విరిచిన ఆసిడ్ ఈకతో రాసి, బొగ్గుల్లో కాగిన రాగి మొన కడ్డీతో టంకం పూస్తాడు. రాగి మొన చుట్టూ ఆకుపచ్చ మంట కనపడితే సరైన కాక. మొన ఎర్రబడితే దానికున్న తగరం మాడిపోయి టంకం అంటుకోదు, మళ్లీ ఆకురాయితో రుద్ది మొదలుపెట్టాలి.

"ఏం నా, ఇది నిలస్తాదా?"

"నీళ్లకైతే నిలస్తాది మా. పొయ్యి మీద మాత్రం పెట్టబాక."

ఈ మాట మర్చిపోయి వేణ్నీళ్లకని పొయ్యి మీద పెట్టిన బిందెలు ఎన్నో. నీళ్లున్నంతసేపూ ఏం కాదు, ఎందుకంటే నీళ్లు వంద డిగ్రీలు దాటవు, ఆ టంకం కరగడానికి 183 కావాలి. నీళ్లు మాటు కన్నా కిందికి దిగిన క్షణంలో మాత్రం ముక్క ఊడి పొయ్యిలో పడుతుంది. తిట్టు మాటువాడికి.

సొట్టలు తియ్యడం చూడటానికి తేలికగా ఉంటుంది. వంకర మొన ఉన్న ఇనపకడ్డీని మొద్దులో దిగ్గొట్టి, బిందెని దానికి తగిలించి, సొట్ట సరిగ్గా మొన మీదికి వచ్చేలా పట్టుకుని, పైనుంచి చింతమాను కొడతితో తడతారు. తెలియనివాడు సొట్ట నడిమధ్యలో కొడతాడు. అప్పుడు రేకు సాగి, అటు తోస్తే ఇటు, ఇటు తోస్తే అటు లొడక్ లొడక్ మనే గుబ్బ తయారవుతుంది, అది జన్మకు పోదు. సొట్ట అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. బొగ్గుతో సొట్ట చుట్టూ గీత గీసుకుని ఆ గీత మీద మొదలుపెట్టేవాళ్లు మంచి పనివాళ్లు.

పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) ముందు ఈ పనికి ఊపిరాడేది కాదు. చిత్తూరు వైపు పెరటాసి శనివారాలంటే తెలిసిందే: చెంబుకి తిరునామం పెట్టి, తులసి చుట్టి, "గోవిందా" అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం పట్టి తళిగ, అంటే నైవేద్యం, వేస్తారు. అటకమీద ఏడాదంతా పడున్న చెంబు అప్పుడు దిగుతుంది, సొట్టతోనూ చిలుముతోనూ. దానికి ముందు శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం కలశం చెంబులు. సంక్రాంతి ముందు పొంగలి తప్పేలలు. కంచరి పంచాంగం ఈ మూడు రద్దీల చుట్టూ తిరిగేది.

చిలుము పోవడానికి చింతపండు అందరికీ తెలుసు. ఎంతసేపు అనేది తెలియదు. ఉప్పూ చింతపండూ రాసి రుద్ది రెండు మూడు నిమిషాల్లో కడిగేస్తే పచ్చగా మెరుస్తుంది. "నానితే ఇంకా బాగుంటుంది" అని రాత్రంతా చింతపండు నీళ్లలో వదిలేస్తే పొద్దున గులాబి రంగు మచ్చలు కనపడతాయి. అది మురికి కాదు. పులుపు ఇత్తడిలోని తుత్తునాగాన్ని తినేసి రాగిని మిగిల్చింది. ఆ పొర రుద్దితే పోతుంది గానీ అతుకుల్లో, టంకంలో తుత్తునాగం ఎక్కువ కాబట్టి అక్కడ దెబ్బ లోతుగా తగులుతుంది. బిందె కారడంలో సగం పాపం అతిశుభ్రానిది. మెత్తటి ఇటుకపొడీ, జల్లించిన బూడిదా మేలు. కడిగాక తుడవకుండా బోర్లిస్తే నీటిచుక్కలు జారిన దారిలో మచ్చలు కడతాయి, పొడిగుడ్డతో తుడిచే ఆ ఒక్క నిమిషం దగ్గరే అందరూ ఓడిపోతారు.

కళాయి పూత, అంటే గిన్నె లోపల తగరం పూయడం గురించి ఎంత చెప్పినా తక్కువే. నీళ్ల బిందెకి కళాయి అక్కర్లేదు. పులుసు కాచే గిన్నెకి, మజ్జిగ పోసే చెంబుకి, పాయసం వండే గుండానుకి లేకపోతే ఒప్పుకోదు. పులుపు తగిలితే రాగి దిగి కూర ఆకుపచ్చగా మారుతుంది, కడుపులో తిప్పుతుంది. రాగిసంగటికీ రాగికీ చుట్టరికం పేరులోనే, సంగటి పక్కన ఉండే పుల్లగూరకి ఆ చుట్టరికం అస్సలు పనికిరాదు.

కళాయి వేసే అతను వేపచెట్టు కింద జానెడు లోతు గుంట తీస్తాడు, గుంటలోకి ఒక ఇనపగొట్టం, గొట్టానికి మేకతోలు తిత్తి. తర్వాతి రోజుల్లో తిత్తి పోయి చేత్తో తిప్పే ఫ్యాను వచ్చింది. వీధి వీధంతా బోకులు తెచ్చి వరసలో పెడుతుంది. గిన్నెలో ఇసకా చింతపండు గుజ్జూ వేసి, గోనెపట్టా మీద నిలబడి, గోడ పట్టుకుని పాదాలతో గిన్నెలో గిర్రున తిరుగుతాడు. పిల్లలకి అదే పెద్ద తమాషా. పాత కళాయీ చిలుమూ పోయి లోపల తేటగా తేలాలి. నూనె జిడ్డు పిసరంత ఉన్నా అక్కడ తగరం పట్టదు, నల్లమచ్చ మిగులుతుంది. అందుకే తెలిసిన కళాయి అతను జిడ్డు గిన్నెని ముందు ఒట్టిదే బొగ్గుల మీద కాల్చి, ఆ తర్వాతే తోముతాడు.

గిన్నె కాగాక పట్టకారుతో పట్టుకుని లోపల నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లుతాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కులో సూదులు. ఆ పొగే చివరి మురికిని తీసుకుపోతుంది. వెంటనే తగరం కడ్డీని రెండు మూడు చోట్ల తాకిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తాకీతాకగానే వెండిచుక్కలా జారుతుంది. దూదిముద్దకి మళ్లీ కాస్త నవాసారం అద్ది అడుగు నుంచి అంచు వైపు చుట్లు చుట్లుగా తుడుస్తాడు. దూది వెనకాలే పసుపు గిన్నె తెల్లబడుతూ వస్తుంది. అయిదు లీటర్ల గిన్నెకి పట్టేది రెండు మూడు చింతగింజలంత తగరం, అంతే. మిగిలిన చుక్కని విదిలించి, గిన్నెని నీళ్లలో ముంచితే చుయ్ మంటుంది, అయిపోయింది.

కాక తక్కువైతే తగరం గడ్డలు గడ్డలుగా నిలిచి, గరిటె తగిలితే పెచ్చులూడుతుంది. ఎక్కువైతే పూత పసుపు తిరిగి మసకబారుతుంది. తగరం మాడి రాగిలో కలిసిపోయిందన్నమాట. చూడగానే మెరిసినంత మాత్రాన మంచి కళాయి కాదు, ఎందుకంటే సీసం కలిపినా మెరుస్తుంది. సీసం చౌక, పైగా తొందరగా పారుతుంది, పనివాడికి సుఖం. తినేవాడికి విషం. కనిపెట్టే పద్ధతి పాతవాళ్ల దగ్గర ఉండేది: కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచమనేవాళ్లు. స్వచ్ఛమైన తగరం వంచితే కిర్రుమని, పురుగు కొరికినట్టు చప్పుడవుతుంది. సీసం కలిసిన కొద్దీ ఆ చప్పుడు అణగిపోతుంది. సీసం బాగా ఉన్న కడ్డీతో కాగితం మీద గీస్తే పెన్సిలు గీతలా బూడిదరంగు పడుతుంది కూడా. రోజూ వాడే గిన్నెకి ఆరు నెలలకో ఏడాదికో పూత మళ్లీ వెయ్యాలి. అడుగున పసుపు తొంగిచూస్తే వేళయిందని గుర్తు. కళాయి గిన్నెలో తాలింపుకని నూనె లేకుండా ఒట్టి గిన్నె కాచారా, ఏడాది పూత ఒక్క పూటకే సరి.

కంచుది ఇంకో దారి. ఇత్తడిలో తుత్తునాగం ఉన్నచోట కంచులో తగరం ఉంటుంది. గంటకీ పళ్లేనికీ రాగి దాదాపు 78 పాళ్లు, తగరం 22. ఇత్తడికి చెప్పినవన్నీ ఇక్కడ తిరగబడతాయి. ఇత్తడిని చల్లగా కొట్టాలి, కంచుని ఎర్రగా ఉండగానే కొట్టాలి; ఎరుపు పోయాక ఒక్క దెబ్బ వేసినా గాజులా పగులుతుంది. కాలిన కంచుని నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ఉక్కు తెలిసిన కమ్మరికి ఇది వింతే. ముంచకుండా ఆర్చిన కంచు పళ్లెం కిందపడితే రెండు ముక్కలు. గంటని మాత్రం కొట్టరు, పోస్తారు, అందుకే గంటని జారవిడవకూడదంటారు. పగిలిన గంటకి మాటు లేదు. అతికినా మోగదు. కరిగించి మళ్లీ పొయ్యాల్సిందే.

కంచరి అంటే బిందెలే అనుకుంటే తిరుపతిని తెలియనట్టే. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అయిదుగురిలో కంచరిది విశ్వకర్మ కొడుకు త్వష్ట పరంపర అంటారు, అందులో గుడిపనిది పెద్దపీట. తిరుమల గుడిలో అడుగుపెట్టగానే కుడిచేతి వైపు కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. అవి రాగి బొమ్మలు, 16వ శతాబ్దపువి. భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయి. దండం పెట్టుకుని జనం ముందుకు తోసేస్తారు గానీ, ఒక్క క్షణం నిలబడనిస్తే చూడాల్సింది రేకుపని. అవి నిండు పోత విగ్రహాలు కావు, రేకుని వెనకనుంచి ఉబ్బించి చేసిన డొల్ల బొమ్మలు. తాళ్లపాక వాళ్ల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు కూడా ఆ గుడివే. ఈ రోజుకీ అన్నమయ్య పాటకి గుర్తు రేకు సంఖ్యే.

ఉబ్బెత్తు పనిలో రేకు కింద పరిచే జిగురుముద్దలోనే ఉంది కిటుకంతా. గుగ్గిలం, మెత్తటి ఇటుకపొడి, కాస్త నూనె కలిపి కాచి పలక మీద పోస్తారు. రేకుని వేడిచేసి దాని మీద అంటిస్తారు. సుత్తి దెబ్బకు రేకు ఎంత దిగాలో అంతే దిగనిచ్చి, పక్కన ఉన్నదాన్ని కదలకుండా పట్టుకోవడం ఆ ముద్ద పని. రోహిణి కార్తెలో తిరుపతి ఎండకి ముద్ద మెత్తబడి పూవు రేకలన్నీ పక్కకి జారిపోతాయి, అప్పుడు నూనె తగ్గించి ఇటుకపొడి పెంచాలి. మార్గశిరం చలికి పెళుసెక్కి రేకు నుంచి ఊడిపోతుంది, అప్పుడు నూనె పెంచాలి. ఏడాదికి రెండుసార్లు పాళ్లు మార్చనివాడి మకరతోరణంలో మకరం ముట్టె ఎప్పుడూ వంకరే.

పోత విగ్రహం మైనంతో మొదలవుతుంది. తేనెమైనం, గుగ్గిలం దాదాపు సమానం, నూనె అందులో నాలుగో వంతు. ఇవీ కాలాన్ని బట్టి మారతాయి. కొబ్బరాకు ఈనె తీసి, విగ్రహం ఎత్తుకి కోసి, దాన్ని మడతలు మడతలుగా మడిచి ముఖం ఇంత, మెడ ఇంత అని గుర్తులు పెట్టుకుంటారు. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళం అనే కొలత, 124 అంగుళాలు. అమ్మవారికి మధ్యమం, 120. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తుని 124తో భాగిస్తే వచ్చేది. అందుకే జానెడు విగ్రహానికీ నిలువెత్తు విగ్రహానికీ ఆకు మడతలు ఒక్కటే.

మైనం బొమ్మ పూర్తయ్యాక తూస్తారు. మైనానికి ఎనిమిది రెట్లు లోహం అనేది పాత లెక్క. పోసే గొట్టానికీ, మాడిపోయేదానికీ పైన ఇంకొంత. పిసినారితనం పనికిరాదు. పోస్తూ ఉండగా లోహం చాలకపోతే, మళ్లీ కరిగించి పోసింది కిందిదానితో అతకదు, నడుము దగ్గర అడ్డగీత నిలుస్తుంది. మొదటి పూత మట్టి నదిలో దొరికే అతి మెత్తటి ఒండ్రు. స్వర్ణముఖిలో నీళ్లు తీసిన తర్వాత పైన పలుకుల్లా ఎండే పొర ఉంటుందే, అలాంటిది. దానికి కాల్చిన ఊకబూడిద, ఆవుపేడ కలిపి నూరి వడగట్టి, చొక్కా గుండీ మందాన పూస్తారు. స్వామివారి వేలి గోరు గీత కూడా ఈ పొర మీదే అచ్చుపడాలి. దీన్ని నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే లోపల మైనం మెత్తబడి విగ్రహం నడుము వంగుతుంది, పైకి మట్టి ముద్ద బాగానే కనపడుతుంది, పోశాక గానీ బయటపడదు. తర్వాత ఇసక కలిపిన ముతక మట్టి పూతలు, పెద్దదైతే ఇనపతీగ కట్టు. ఒండ్రు జల్లించి నూరడం, నగలకి మైనం తీగలు పేనడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిపనే, బిల్లులో వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

పిడకల మంటలో మైనం కార్చి, అచ్చుని ఎర్రగా కాల్చి, వేడి ఆరకముందే నోరు పైకి వచ్చేలా నేలలో పాతి, సన్నటి ధారగా ఆపకుండా పోస్తారు. అచ్చు చల్లబడితే వేళ్ల చివరలకి, శంఖచక్రాల జ్వాలలకి లోహం అందదు. చెమ్మ మిగిలితే ఆవిరై లోహాన్ని ఎదురు చిమ్ముతుంది. కంచరి ఇళ్లలో పెద్దవాళ్ల ముంజేతుల మీద మచ్చలు చాలావరకు ఆ చెమ్మవే. గాలి పోయే దారులు సరిగా పెట్టకపోతే వీపున పురుగు తొలిచినట్టు బెజ్జాలు. చిన్న బెజ్జాన్ని అదే లోహపు మేకుతో బిగించొచ్చు. పూజకి వెళ్లే మూర్తికి ముఖంలో లోపం వస్తే మాత్రం సర్దుబాటు లేదు, పగలగొట్టి మూసలోకే. అచ్చుని నీళ్లు పోసి చల్లార్చకూడదు, దానంతట అది ఆరాలి, పెద్ద మూర్తికి రెండు రోజులైనా.

ఈ పని ఇళ్లలో తండ్రి దగ్గర నేర్చుకునేది. 1960లో దేవస్థానం వాళ్లు తిరుపతిలో శిల్ప శిక్షణ సంస్థ పెట్టి లోహశిల్పాన్ని కూడా పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. అది మంచిదే అయింది. విగ్రహం పోసే విద్యకి బడి దొరికింది, గుడులున్నంతకాలం గిరాకీ ఉంది. బడి దొరకనిది మాటుకీ కళాయికీ. సర్టిఫికెట్టు ఇచ్చేంత పెద్ద విద్యలుగా అవెవరికీ కనపడలేదు. బిందెలు చేసేవాడు పోవడానికి ముందే బిందెలు బాగుచేసేవాడు పోయాడు. కారే బిందెకి మాటు వేసే మనిషి ఏడాదికొకసారైనా వీధిలోకి రాకపోతే, ఆ ఇంట్లో ఇంకో ఇత్తడి బిందె ఎందుకు కొంటారు?

స్టీలు మీద నెపం వేస్తాంగానీ, బిందెని ఇంట్లోంచి బయటికి పంపింది ప్లాస్టిక్కు. మా వైపు నీళ్లకి నడిచే దూరాలు చిన్నవి కావు. రెండున్నర కిలోల ఒట్టి బరువు నడుము మీద తగ్గితే ఏ ఆడమనిషి వద్దంటుంది? ఇత్తడి మీద ప్రేమ ఉన్నవాళ్లలో నీళ్లు మోసినవాళ్లు తక్కువ, ఈ మాట ఒప్పుకోవాలి.

అలా అటకెక్కిన సామాను మెల్లగా తూకానికి దిగింది. పాత ఇత్తడి కొనే అంగట్లో కాసేపు కూర్చుంటే జిల్లా మొత్తం పేర్లు చదవొచ్చు. అప్పట్లో కొన్న ప్రతి సామాను మీదా పేరు కొట్టించేవాళ్లు, సన్నటి ఉలితో చుక్కచుక్కగా. అమ్మాయి పేరు, ఊరు, పెళ్లి తారీకు. కొన్నిటి మీద రెండు పేర్లుంటాయి, ఒకటి అమ్మది, కింద కూతురిది. అంగడాయన వాటిని చదవడు. ఆయన కళ్లు వెతికేది తెల్లటి మచ్చ కోసం. మాటు కనపడితే కత్తెర తీసుకుని, చుట్టూ రెండు వేళ్ల మేర రేకుతో సహా కోసి పక్కన డబ్బాలో వేస్తాడు. సీసం మూసలో పడిందంటే కరిగించిన ఇత్తడంతా పెళుసెక్కి కొట్టుడుకి చెడుతుందని కొనేవాళ్లు ఒప్పుకోరు. కోసిన ముక్క బరువు తీసేసి మిగతాదానికే లెక్కకడతాడు.

"ఇదేంది నా, బిందె నిండుగా తెస్తే బొక్కపెట్టి తూస్తుండావు?"

"మాటుకి రేటు లేదు మా."